మీ బావగారు ఎమ్మెల్యే కావాలనుకుంటే

మీ ప్రశ్న ఇది. మీ బావగారికి గుంటూరులో మిర్చి కమీషన్ కొట్టు ఉంది, కోల్డ్ స్టోరేజీలో వాటా ఉంది, సొంతంగా కారం మిల్లు ఉంది. ఒక పార్టీ పెద్దలు నియోజకవర్గ ఇన్‌చార్జ్‌గా ఉండమంటున్నారు, వచ్చే ఎన్నికల్లో టికెట్ మీకే అంటున్నారు. వ్యాపారం వదులుకోవాలా, రెండూ కలిసి నడుస్తాయా, ఎమ్మెల్యేగా ఎంతకాలం నిలబడగలరు అని అడిగారు. నేను బ్రాడీపేటలో చాలా ఏళ్లు ఆడిటర్‌గా పనిచేశాను. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థుల అఫిడవిట్లు, ఖర్చుల లెక్కలు చూశాను. పార్టీ ఏదో మీరు రాయలేదు. మంచిదే, నేను చెప్పేదానికి దానితో పని లేదు.

గుంటూరు, విజయవాడల్లో డబ్బున్న వ్యాపారికి టికెట్ దొరకడం పెద్ద విశేషమేమీ కాదు. గెలుపు కూడా సగానికి పైగా ఆయన చేతిలో ఉండదు. 2019లో ఉమ్మడి గుంటూరు జిల్లాలోని 17 స్థానాల్లో వైఎస్సార్ కాంగ్రెస్ 15 గెలిచింది. 2024లో ఆ 17 స్థానాలూ కూటమికి వెళ్లాయి. ఆ రెండు ఎన్నికల్లోనూ మంచి అభ్యర్థులు ఓడారు, అంతంత మాత్రపు అభ్యర్థులు గెలిచారు. మీ బావగారి చేతిలో ఉన్నదల్లా కొట్టునూ కుర్చీనీ విడదీసుకోవడం. కాగితాల మీదా విడిపోవాలి, జనం దృష్టిలోనూ విడిపోవాలి. నామినేషన్ వారంలో మొదలుపెడితే అది అయ్యే పని కాదు.

మొదట కాగితాల సంగతి. వ్యాపారులకు ఎక్కువ ముప్పు తెచ్చేది ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 9ఎ సెక్షన్. రాష్ట్ర ప్రభుత్వానికి సరుకు సరఫరా చేస్తానని గానీ, ప్రభుత్వ పని చేసిపెడతానని గానీ తన వ్యాపారంలో భాగంగా ఒప్పందం చేసుకుని, అది ఇంకా నడుస్తుంటే, ఆ వ్యక్తి శాసనసభకు అనర్హుడు. గెలిచిన తర్వాత అలాంటి ఒప్పందం చేసుకున్నా అనర్హతే. దీన్ని రోడ్డు కాంట్రాక్టర్ల వ్యవహారం అనుకుని మిర్చి వ్యాపారులు పట్టించుకోరు. కానీ మీ బావగారి కారం మిల్లు సంక్షేమ హాస్టళ్లకు కారం పొడి వేస్తుందా? ముందు అది కనుక్కోండి.

ఒక అభ్యర్థి విషయంలో ఇలాగే జరిగింది. నామినేషన్ల గడువు దగ్గర పడ్డాక ఆయన వాటాలున్న సంస్థల జాబితా రాయిస్తుంటే, బావమరిది నడిపే పప్పుల వ్యాపారంలో రూపాయికి పది పైసల వాటా ఇంకా ఆయన పేరునే ఉందని తేలింది. ఆ సంస్థ ప్రభుత్వ హాస్టళ్లకు కందిపప్పు వేస్తోంది. ఆయన ఆ కొట్టు గడప తొక్కి ఏళ్లయింది, వాటా ఉన్న సంగతే మరిచిపోయారు. అదృష్టవశాత్తూ సరఫరా గడువు మార్చితో ముగిసింది, సరుకంతా చేరింది, బిల్లులు మాత్రమే రావలసి ఉన్నాయి. ఒప్పందంలో తన వంతు పూర్తిగా నెరవేర్చినవాడికి ప్రభుత్వం డబ్బు బాకీ ఉన్నంత మాత్రాన ఒప్పందం నడుస్తున్నట్టు కాదని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. హాస్టల్ వార్డెన్లు సంతకం చేసిన డెలివరీ చలాన్లన్నీ తెప్పించి ముందేసుకున్నాం. చివరి చలాన్ మీద ముద్ర ఉంది, సంతకం ఉంది, తేదీ లేదు. ఆ ఒక్క కాగితం కోసం గుమాస్తాను పంపి, స్టాకు రిజిస్టర్‌లో ఆ రోజు నమోదు నకలు తెప్పించాం. పరిశీలన రోజు ప్రత్యర్థి వకీలు అడిగింది సరిగ్గా ఆ సరఫరా గురించే. కాగితాలు చూపించాం, నామినేషన్ నిలిచింది. ఇంకొక్క వాయిదా సరుకు వేయవలసి ఉండి ఉంటే కథ వేరేగా ఉండేది.

పరిశీలన తేదీ నాటికి అర్హత ఉందా లేదా అన్నది లెక్క. అందుకని ఆఖరి నిమిషంలో భాగస్వామ్యం నుంచి తప్పుకుంటున్నానని లేఖ రాసి జేబులో పెట్టుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సరిపోదు. భాగస్వామ్య సంస్థ చేసుకున్న ఒప్పందం భాగస్వాములందరిదీ. తప్పుకున్నట్టు పత్రం ఉండాలి, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు ఉండాలి, అవతలి పక్షానికి తెలియాలి. కంపెనీలో వాటాల సంగతి వేరు. అక్కడ ఒప్పందం చేసుకున్నది కంపెనీ గానీ వాటాదారు కాదు. అయితే ప్రభుత్వానికి 25 శాతం గానీ అంతకు మించి గానీ వాటా ఉన్న కంపెనీలో మేనేజరుగానో సెక్రటరీగానో ఉంటే 10వ సెక్షన్ అడ్డు వస్తుంది. మరొకటి: ఎమ్మెల్యే పదవికి ‘ప్రభుత్వం’ అంటే రాష్ట్ర ప్రభుత్వమే. కేంద్ర ప్రభుత్వంతో ఉన్న సరఫరా 9ఎ కిందికి రాదు. రాష్ట్ర కార్పొరేషన్లతో ఒప్పందాల మీద మాత్రం వాదనలు కోర్టుల దాకా వెళతాయి. వాటి జోలికి పోకపోవడమే మేలని నా సలహా.

ఇక కారం మిల్లు. అదే చట్టంలో, శిక్ష పడినవారిని అనర్హులను చేసే 8వ సెక్షన్ అనగానే అందరికీ రెండేళ్ల శిక్ష, అది పడగానే సభ్యత్వం పోతుందని 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన లిలీ థామస్ తీర్పు గుర్తొస్తాయి. అదే సెక్షన్‌లో రెండో ఉపవిభాగాన్ని వ్యాపారులు చదవరు. అక్రమ నిల్వలు, అధిక లాభార్జన నిరోధక చట్టాలు, ఆహార పదార్థాల, మందుల కల్తీకి సంబంధించిన చట్టాలు, వరకట్న నిషేధ చట్టం: వీటి కింద ఆరు నెలల శిక్ష పడినా చాలు, అనర్హత వస్తుంది. అది శిక్ష పడిన రోజు నుంచి మొదలై, విడుదలయ్యాక మరో ఆరేళ్లు వెంటాడుతుంది. కారం పొడి, పసుపు వ్యాపారాల్లో నమూనాలు తీయడం, కేసులు పెట్టడం కొత్త కాదు. మిల్లులో కూలీ చేసిన పొరపాటుకైనా యజమాని పేరే ముందుకొస్తుంది. ఆహార భద్రత చట్టం కింద సంస్థ తరఫున ఫలానావారు బాధ్యులని ఒకరిని నామినేట్ చేసే వీలుంది. ఆ పని ఇప్పుడే చేయించండి. పాత కేసులు ఏవైనా ఉంటే, జరిమానాతో పోయినవి సహా, నకళ్లు తీసి ఒక ఫైలులో పెట్టించండి. జరిమానా వల్ల అనర్హత రాకపోవచ్చు గానీ, అఫిడవిట్‌లో దాచడం వల్ల వేరే చిక్కు వస్తుంది.

చెక్కు బౌన్సు కేసులూ అంతే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ కింద గరిష్ఠ శిక్ష రెండేళ్లు. సాధారణంగా అంత వేయరు, రాజీతో పోతాయి. కానీ కమీషన్ వ్యాపారంలో చేబదులుకు సంతకం చేసి ఇచ్చిన చెక్కులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో మీ బావగారికైనా తెలుసా? ఎన్నికల ముందు ప్రత్యర్థులు సరిగ్గా అవే వెతుకుతారు.

ఐపీ, అంటే దివాలా పిటిషన్ సంగతి కూడా చెప్పాలి. మన మిర్చి యార్డులో ‘ఫలానా ఆయన ఐపీ పెడతాడట’ అన్న పుకారు ఒక్క పూటలో పట్నంబజారు దాకా వెళుతుంది. రాజ్యాంగంలోని 191వ అధికరణం ప్రకారం కోర్టు దివాలా ప్రకటించి, ఇంకా విముక్తి ఇవ్వనివాడు శాసనసభ్యుడు కాలేడు. కానీ చట్టం కంటే పుకారు ముందు చంపుతుంది. పైగా ఎన్నికల కాలం చూడండి: 2019లో పోలింగ్ ఏప్రిల్ 11న, 2024లో మే 13న. యార్డుకు మిర్చి టిక్కీలు (బస్తాలు) ముమ్మరంగా వచ్చే రోజులు కూడా ఫిబ్రవరి నుంచి మే దాకానే. సరిగ్గా రైతుకు డబ్బు చెల్లించవలసిన వేళ యజమాని ప్రచార రథం ఎక్కి తిరుగుతుంటే, రైతు చేతిలో తక్‌పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రెండు వారాలు ఆలస్యమైతే, ‘మా మిర్చి డబ్బుతో ఎన్నికలు చేస్తున్నాడు’ అంటారు. ఆ మాట పుట్టిందంటే ఆపడం ఎవరి తరమూ కాదు. ఎన్నికల సీజన్‌లో కొట్టుకు ప్రత్యేకంగా బ్యాంకు రుణ పరిమితి ఏర్పాటు చేసుకుని, రైతు చెల్లింపులు ఒక్క రోజు కూడా ఆగకుండా చూసుకునే స్తోమత లేకపోతే పోటీకి దిగవద్దని నా గట్టి అభిప్రాయం.

రైతులకిచ్చిన పెట్టుబడి అప్పుల దగ్గర ఇంకో మెలిక ఉంది. ఎన్నికల ఏడాది గట్టిగా వసూలు చేస్తే ఓటు పోతుంది. పోనీ వదిలేద్దామంటే, ఓటు కోసం బాకీ మాఫీ చేశారని ఎవరైనా నిరూపిస్తే అది ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద లంచం, అంటే ఎన్నికనే రద్దు చేయించగల అవినీతి చర్య. అందుకని తన నియోజకవర్గంలో ఓటున్న బాకీదారుల ఖాతాలను ఎన్నికలకు చాలా ముందే, మామూలు వ్యాపార పద్ధతిలో పరిష్కరించుకోవాలి. ఆవర్జాలో (ఖాతా పుస్తకంలో) ఆ పేజీలు శుభ్రంగా ఉండాలి.

నిజానికి మీ బావగారు తన పలుకుబడిని కొంచెం ఎక్కువగా అంచనా వేసుకుంటున్నారేమో చూడండి. గుంటూరు మిర్చి యార్డుకు పల్నాడు, ప్రకాశం, కర్నూలు వైపు నుంచే కాదు, తెలంగాణ నుంచి కూడా సరుకు వస్తుంది. వందల ఊళ్లలో ఆయన పేరు తెలుసు. ఆ ఊళ్లలో చాలావాటికి ఆయన నియోజకవర్గంలో ఓటు లేదు. గుంటూరు పశ్చిమలో ఓటు వేసేది బ్రాడీపేట, అరండల్‌పేట అపార్టుమెంట్లలో ఉండేవారు, తూర్పులో అయితే పాత గుంటూరు సందుల్లో ఉండేవారు. వాళ్లకు తేజ రకం మిర్చికీ 334 రకానికీ తేడాతో పని లేదు. వాళ్లకు కుళాయి నీళ్లు, మురుగుకాలువ, పింఛను ముఖ్యం.

అఫిడవిట్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే మంచి ఆడిటర్ ఉంటే అది చేసి పెడతాడు. ఫారం 26లో అభ్యర్థితో పాటు భార్య, ఉమ్మడి కుటుంబం, ఆధారపడినవారి ఆస్తులు, అప్పులు, అయిదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం, ప్రభుత్వ బకాయిలు, ప్రభుత్వంతో ఒప్పందాల వివరాలు ఉండాలి. ఏ గడినీ ఖాళీగా వదలకూడదు. లేకపోతే ‘లేదు’ అని రాయాలి. ఆస్తి ఎక్కువ చూపిస్తే జనం ఏమనుకుంటారోనని వ్యాపారులు భయపడతారు. 2024లో గుంటూరు లోక్‌సభకు పోటీ చేసిన పెమ్మసాని చంద్రశేఖర్ 5,700 కోట్లకు పైగా కుటుంబ ఆస్తులు ప్రకటించి గెలిచారు. ఎక్కువ ఉన్నందుకు ఇక్కడ ఎవరూ ఓడించరు. బ్యాంకుకు ఇచ్చిన ఆస్తుల పట్టికలో ఒక అంకె, అఫిడవిట్‌లో ఇంకో అంకె ఉంటేనే గొడవ. కోల్డ్ స్టోరేజీలో సరుకు తనఖా పెట్టి తెచ్చిన అప్పులు రాయడం మరిచిపోవద్దని మాత్రం చెప్పండి. నేను చూసిన వ్యాపారుల అఫిడవిట్లలో ఎక్కువగా జారిపోయేది అదే.

ఖర్చు పరిమితి అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు. 2019 ఎన్నికలప్పుడు అది 28 లక్షలు. ధరావతు 10,000, పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే అది పోతుంది. నామినేషన్‌కు కనీసం ఒక రోజు ముందు ఎన్నికల ఖర్చుకే విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చేదాకా ప్రతి పైసా అందులోంచే వెళ్లాలి. ఒకే వ్యక్తికి లేదా సంస్థకు ఎన్నికల మొత్తంలో 10,000కు మించి నగదు ఇవ్వకూడదు. రిజిస్టర్‌లో తెల్ల పేజీలు రోజువారీ ఖర్చుకు, గులాబీ రంగువి నగదుకు, పసుపువి బ్యాంకుకు. ప్రచార కాలంలో అధికారులు ఆ రిజిస్టర్‌ను కనీసం మూడుసార్లు తనిఖీ చేస్తారు. వాళ్ల దగ్గర వాళ్లు రాసుకున్న షాడో రిజిస్టర్ విడిగా ఉంటుంది. టీ, కుర్చీ, షామియానా, డప్పు బృందం, అన్నిటికీ జిల్లా ఎన్నికల అధికారి ప్రకటించిన ధరల పట్టిక ఉంటుంది. ‘మా తమ్ముడు ఉచితంగా వేయించాడు’ అంటే చెల్లదు, పట్టిక ధరకు లెక్క కడతారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడవచ్చు. 40 లక్షలతో ఎవరు నెగ్గారండీ అని మీరు నవ్వుకుంటారని తెలుసు. బజారులో ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఆడిటర్‌గా నేను చెప్పేది ఒక్కటే: కొట్టు డబ్బు ఆ ఎన్నికలోకి లెక్క లేకుండా వెళ్లిందంటే, ఎన్నికల సంఘం పట్టుకోకపోయినా, మరుసటి ఏడాది ఆదాయపు పన్ను వారి ముందు కొట్టు లెక్కల్లో ఆ ఖాళీకి జవాబు చెప్పవలసి వస్తుంది.

ఎంతకాలం నిలబడగలరు అన్నారు. దగ్గరలో ఉన్నవారినే చూడండి. విజయవాడ వన్‌టౌన్ వ్యాపార వర్గం నుంచి వచ్చిన వెలంపల్లి శ్రీనివాస్ 2009లో ప్రజారాజ్యం తరఫున విజయవాడ పశ్చిమలో గెలిచారు. ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది. 2014లో బీజేపీ తరఫున అక్కడే ఓడారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున మళ్లీ గెలిచి దేవాదాయ శాఖ మంత్రి అయ్యారు. 2022 మంత్రివర్గ మార్పులో పదవి పోయింది. 2024లో పార్టీ ఆయన్ను సెంట్రల్‌కు మార్చింది, అక్కడ బొండా ఉమ చేతిలో ఓడారు. ఆయన వదిలిన పశ్చిమలో, పారిశ్రామికవేత్తగా వచ్చి రాజ్యసభ, కేంద్ర మంత్రి పదవి చూసిన సుజనా చౌదరి బీజేపీ తరఫున గెలిచారు. ఇటు చిలకలూరిపేటలో, వ్యాపార నేపథ్యమే ఉన్న ప్రత్తిపాటి పుల్లారావుది వేరే దారి. ఒకే పార్టీ, ఒకే నియోజకవర్గం. 1999లో గెలుపు, 2004లో ఓటమి, 2009, 2014లలో గెలుపు, మధ్యలో వ్యవసాయ, పౌరసరఫరాల మంత్రి పదవులు, 2019లో ఓటమి, 2024లో మళ్లీ గెలుపు. రెండూ బతికిన రాజకీయ జీవితాలే. నా ఉద్దేశంలో రెండోది వ్యాపారికి అనువైనది. ఓడిన అయిదేళ్లూ ఊళ్లోనే ఉండాలి, ఆ అయిదేళ్లూ కొట్టు ఆయన్ను పోషించాలి. పార్టీ మారినప్పుడల్లా మూల్యం ఉంటుంది. గుంటూరు పశ్చిమలో 2019లో తెలుగుదేశం టికెట్ మీద గెలిచిన మద్దాలి గిరిధరరావు ఆ ఏడాది చివరికే అధికార పక్షానికి దగ్గరయ్యారు. స్పీకర్ అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, పదవీకాలం ఎలాగూ ముగియబోతుండగా. అనర్హత తీర్పు ఆలస్యం కావచ్చు, కానీ రాదన్న భరోసా లేదు.

వ్యాపారం, రాజకీయం రెండూ మోయలేక పక్కకు తప్పుకున్నవారూ ఉన్నారు. గుంటూరు ఎంపీగా రెండుసార్లు గెలిచిన గల్లా జయదేవ్ 2024 జనవరిలో క్రియాశీల రాజకీయాల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. వ్యాపారానికి సమయం కావాలన్నారు. అంతకు ముందు 2021లో వారి కుటుంబ సంస్థకు కాలుష్య నియంత్రణ మండలి మూసివేత ఉత్తర్వులు ఇవ్వడం, హైకోర్టు వాటిని నిలిపివేయడం అందరికీ తెలిసిందే. తప్పొప్పుల జోలికి నేను పోను. రాజకీయాల్లో ఉన్న యజమాని ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతి నోటీసూ పత్రిక మొదటి పేజీకి ఎక్కుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. కోల్డ్ స్టోరేజీకి అగ్నిమాపక అనుమతి, మిల్లుకు ఆహార లైసెన్సు, కరెంటు లోడు అన్నీ ఇప్పటినుంచే నిక్కచ్చిగా ఉండాలి. అధికారంలో ఉన్నప్పుడు ఎవరూ అడగరు. దిగిన మరునాడు అన్నీ అడుగుతారు.

గెలిచాక రోజు ఎలా ఉంటుందో ఆయన ఊహించారో లేదో. పొద్దున ఆరున్నరకే ఇంటి ముందు జనం. ఒకరికి ఆస్పత్రికి ఎల్‌వోసీ (వైద్యం ఖర్చుకు ప్రభుత్వ హామీ లేఖ) కావాలి, ఒకరికి ముఖ్యమంత్రి సహాయ నిధికి సిఫారసు లేఖ, ఒకరికి బదిలీ, ఒకరి కొడుకును రాత్రి స్టేషన్‌కు తీసుకెళ్లారు. యార్డులో కాటాలు మొదలయ్యేదీ ఆ పూటే. మధ్యాహ్నం పెళ్లిళ్లు, పరామర్శలు. సభ నడిచే రోజుల్లో వెలగపూడి. మంత్రి పదవి ఆశ పెట్టుకుంటే అది కూడా లెక్క వేసుకోవాలి. 175 మంది సభ్యులున్న సభలో 15 శాతం పరిమితి వల్ల ముఖ్యమంత్రితో కలిపి 26 మందికి మించి మంత్రులు ఉండరు. కులం, జిల్లా, సీనియారిటీ చూసుకున్నాక తొలిసారి గెలిచిన వ్యాపారికి మిగిలే చోటు తక్కువ. అయితే వ్యాపారికి ఒక మంచి అలవాటు ఉంటుంది: కానిదాన్ని కాదని ముఖం మీదే చెప్పడం. దాన్ని వదులుకోవద్దని చెప్పండి. రేపు రా, ఎల్లుండి రా అని తిప్పించుకునే ఎమ్మెల్యే కంటే ‘ఇది నా చేతిలో లేదు’ అని చెప్పే ఎమ్మెల్యేను జనం త్వరగా క్షమిస్తారు.

కొట్టు ఎవరు చూస్తారన్నదే అసలు ప్రశ్న. మీ అక్కగారు చూస్తారా, పెద్దబ్బాయి చూస్తాడా, నమ్మకమైన భాగస్వామి ఉన్నారా? ఎవరైనా సరే, సంతకం అధికారం వారికి పూర్తిగా బదిలీ కావాలి. ఎమ్మెల్యే ఫోన్ నుంచి కొట్టు వ్యవహారం ఒక్కటి కూడా నడవకూడదు. ముఖ్యంగా యార్డు అధికారులతో. మార్కెట్ కమిటీ ఛైర్మన్‌ను నియమించేది ప్రభుత్వం. అదే యార్డులో ఎమ్మెల్యే కుటుంబానికి కొట్టు ఉంటే, వాళ్లు నిజాయితీగా వ్యాపారం చేసినా పక్క కొట్టువాళ్లు నమ్మరు. కుదిరితే కమీషన్ లైసెన్సు వదిలేసి, కోల్డ్ స్టోరేజీ, మిల్లు ఉంచుకోమంటాను.

ఇన్‌చార్జ్ బాధ్యతకు ఇప్పుడే ఒప్పుకోవద్దు. అది పార్టీ ఇచ్చే హోదా మాత్రమే, టికెట్‌కు హామీ కాదు. ఈలోగా ఆఫీసు, ఫ్లెక్సీలు, సభలకు జనం, కార్యకర్తల ఇళ్లలో పెళ్లిళ్లూ చావులూ అన్నీ ఆయన ఖర్చే. ఎన్నికల నోటిఫికేషన్ వేళకు పై నుంచి వేరే పేరు వస్తే అడిగే దిక్కు లేదు. ఈ సీజన్ ముగిసేలోగా మూడు కాగితాలు తయారు చేయించండి: ఆయనకు వాటా ఉన్న ప్రతి సంస్థ పేరు, ఆ సంస్థలకు రాష్ట్ర ప్రభుత్వంతో ఉన్న ప్రతి ఒప్పందం, ఆయన మీద ఉన్న, ముగిసిన ప్రతి కేసు. పాత ఆదాయపు పన్ను రిటర్నులు, కోల్డ్ స్టోరేజీ బ్యాంకు పత్రాలు కూడా జతచేసి మీ ఆడిటర్‌కు ఇవ్వండి. ఆయన చూసి సరే అన్నాకే పార్టీ పెద్దలకు జవాబు చెప్పమనండి.